తకెతోమికి ఒక పూట చాలదు, ఒక రాత్రి ఉండండి

మీరు అడిగింది ఇదీ: నవంబరులో అమ్మగారిని, శ్రీమతిని తీసుకుని జపాన్ వస్తున్నారు. టోక్యో, క్యోటో చూశాక మూడు రోజులు మిగులుతాయి. జనం రద్దీ లేని చోటు కావాలి. ఒకినావా వైపు తకెతోమి అనే చిన్న ద్వీపం ఉందని ఎవరో చెప్పారు. పక్కనే ఉన్న ఇషిగాకిలో హోటల్ తీసుకుని, ఒక పూటలో చూసి వచ్చేయవచ్చా? అమ్మగారు శాకాహారి కనుక తిండి సంగతేమిటి?

నేను పదకొండేళ్ళుగా జపాన్‌లో ఉంటున్నాను. తకెతోమికి నాలుగుసార్లు వెళ్ళాను. మొదటిసారి అచ్చం మీరనుకుంటున్నట్టే వెళ్ళాను. పొద్దున పదింటికి దిగి, ఎండలో సైకిలు తొక్కి, ఇసుకలో ఒకసారి పడి, ఐస్‌క్రీము తిని, "బాగుంది, ఇంతేనా?" అనుకుంటూ మూడింటి పడవకి తిరిగొచ్చేశాను. ఇంతే కాదని తెలియడానికి నాకు ఇంకో రెండేళ్ళు పట్టింది. మీకు మూడు రోజులున్నాయి కదా, ఒక రాత్రయినా ఆ ద్వీపంలోనే పడుకోండి.

ముందు అది ఎక్కడుందో చెబుతాను, ఎందుకంటే "ఒకినావా దగ్గర" అనగానే చాలామంది ఒకినావా ముఖ్య పట్టణమైన నాహా విమానాశ్రయానికి టికెట్ కొనేస్తారు. తకెతోమి ఒకినావా ప్రాంతంలోదే కానీ నాహాకి నాలుగు వందల కిలోమీటర్ల అవతల, యాయెయామా దీవుల్లో ఉంది. అక్కణ్ణించి నాహా కంటే తైవాన్ దగ్గర. మీరు దిగాల్సింది ఇషిగాకి విమానాశ్రయంలో. టోక్యో హనేదా నుంచి నేరుగా విమానాలున్నాయి, మూడున్నర గంటల ప్రయాణం. విమానాశ్రయం నుంచి బస్సులో ముప్పావుగంటలో దీవులకు వెళ్ళే పడవల రేవు వస్తుంది. రేవు దగ్గర ఒక బాక్సర్ కంచు విగ్రహం ఉంటుంది, యోకో గుషికెన్‌ది. ఇషిగాకిలో పుట్టి, ప్రపంచ టైటిల్‌ని వరసగా పదమూడుసార్లు నిలబెట్టుకున్న మనిషి. అందరూ పక్కన నిలబడి పిడికిలి బిగించి ఫొటో తీసుకుంటారు, మీరూ తీసుకోండి. అక్కణ్ణించి తకెతోమికి పడవలో పది పదిహేను నిమిషాలు, అంతే. మధ్యలో ఉన్నది పగడపు దిబ్బల లోపలి సముద్రం కనుక అలలు తక్కువ. అమ్మగారికి కడుపులో తిప్పుతుందేమోనని టెన్షన్ అక్కర్లేదు.

ఈ పది నిమిషాల దూరమే ఆ ద్వీపానికి వరమూ, శాపమూ. దగ్గర కాబట్టి పొద్దున తొమ్మిదిన్నర నుంచి పడవ వెంట పడవ జనాన్ని దింపుతూనే ఉంటుంది. ద్వీపంలో ఉండేది మూడున్నర వందల మంది. చుట్టుకొలత తొమ్మిది కిలోమీటర్లు. మధ్యాహ్నం వీధుల్లో ఊరివాళ్ళకంటే సైకిళ్ళే ఎక్కువ కనిపిస్తాయి. సాయంత్రం ఐదున్నర, ఆరు మధ్య ఆఖరి పడవ వెళ్ళిపోతుంది (వేళలు కాలాన్నిబట్టి మారతాయి, రేవులో చూసుకోండి). తర్వాత అరగంటకి మీకు వినిపించేవి మీ చెప్పుల కింద ఇసుక చప్పుడు, ఎక్కడో ఒక ఇంట్లోంచి సాన్‌షిన్ మోత. సాన్‌షిన్ అంటే మూడు తీగల వాద్యం, కొండచిలువ చర్మం బిగించి చేస్తారు. మీరడిగిన "రద్దీ లేని చోటు" అప్పటిదాకా రాదు.

ఇసుక అన్నాను కదా, వీధులన్నీ అదే. తారు లేదు, సిమెంటు లేదు, పగడాలు అరిగి ఏర్పడ్డ తెల్లని ఇసుక. ఊరివాళ్ళు దాన్ని సముద్రపు ఒడ్డు నుంచి తెచ్చి పరుచుకుంటారు. తెల్లవారుజామున లేచి ఎవరి ఇంటిముందు వాళ్ళు ఊడుస్తారు, చీపురు గీతలు దువ్వెన పళ్ళలా వరసగా పడతాయి. ఆరున్నరకి బయటికి వస్తే ఆ గీతలమీద మొదటి అడుగు మీదే అవుతుంది, వెయ్యడానికి కాస్త మొహమాటంగా ఉంటుంది. ఇసుక అందానికేనా అని నేనుండే వసతి గృహం ముసలాయన్ని అడిగాను. "రాత్రి వెన్నెల్లో పాము కనబడాలి కదా" అన్నాడాయన. అక్కడ హబు అనే విషసర్పం ఉంది. కనుక రాత్రి తిరిగేటప్పుడు టార్చి పట్టుకోండి, గడ్డిలోకి అడుగు పెట్టకండి.

ఇళ్ళ సంగతి. ఎర్ర పెంకుల కప్పులు, వాటిమీద షీసా అనే సింహం బొమ్మలు, చుట్టూ నల్లబడ్డ పగడపు రాళ్ళ గోడలు. చూడగానే వెయ్యేళ్ళ నాటివి అనిపిస్తాయి. నిజానికి ఒకినావాలో మామూలు జనం పెంకులు వేసుకోకూడదన్న కట్టడి 1889 దాకా ఉంది. అప్పటిదాకా అన్నీ పూరి కప్పులే. అంటే ఈ ఎర్ర కప్పుల ఊరి వయసు నూటనలభై ఏళ్ళ లోపు. గోడలే పాతవి. వాటిని గుక్కు అంటారు. సున్నం లేదు, సిమెంటు లేదు, రాయిమీద రాయి పేర్చడమే. ఇది ఎందుకు చెబుతున్నానంటే, నా రెండో ప్రయాణంలో సైకిల్ని ఒక గోడకి ఆనించి ఫొటోలు తీసుకుంటుంటే ఆ ఇంటి బామ్మ బయటికొచ్చింది. ఏమీ అనలేదు. సైకిలు తీసి స్టాండు వేసి, కదిలిన రాయిని మళ్ళీ సర్ది, నా వైపు తిరిగి నవ్వి లోపలికి వెళ్ళిపోయింది. తిట్టినా అంత సిగ్గు వేసేది కాదు.

వాకిట్లోంచి లోపలికి చూస్తే ఇల్లు నేరుగా కనబడదు, మధ్యలో అడ్డంగా ఇంకో చిన్న గోడ ఉంటుంది. మిగతా ఒకినావాలో దాన్ని హిమ్‌పున్ అంటారు, తకెతోమిలో మైయాషి. గాలివానకి అడ్డం, దారినపోయేవాళ్ళ చూపుకి అడ్డం, అన్నిటికంటే ముఖ్యంగా చెడ్డ శక్తులకి అడ్డం. అవి తిన్నగా మాత్రమే పోగలవని నమ్మకం, అందుకే వీధులు కూడా తిన్నగా ఉండవు. ఇషిగాకిలో, నాహాలో అయితే వీధి వచ్చి ఇంటికి గుచ్చుకునే చోట ఇషిగాంతో అని చెక్కిన రాయి పెడతారు. మీ అమ్మగారికి వివరించనక్కర్లేదు, చూడగానే "వీధిపోటు" అంటారు. మా అమ్మ అలాగే అంది.

ఆ ఊరు అలా మిగలడం దానంతటది జరగలేదు. 1971లో యాయెయామాలో ఘోరమైన కరువు వచ్చింది, తర్వాత తుపాను. మరుసటి ఏడాది మే 15న అమెరికా చేతిలోంచి ఒకినావా తిరిగి జపాన్‌లో కలిసింది. ఆ అయోమయంలో బయటి కంపెనీలు కారుచౌకగా భూములు కొనడం మొదలుపెట్టాయి. ఊళ్ళో కొందరు ఎదురు నిలిచి, భూమి అమ్మవద్దని ఇంటింటికీ తిరిగారు. 1986లో ఊరంతా కూర్చుని ద్వీప శాసనం ఒకటి రాసుకున్నారు. దాని సారం ఐదు మాటలు: అమ్మవద్దు, మురికి చేయవద్దు, చెదరగొట్టవద్దు, పగలగొట్టవద్దు, బతికించాలి. మరుసటి ఏడాది ప్రభుత్వం ఆ ఊరిని సంప్రదాయ కట్టడాల రక్షిత ప్రాంతంగా ప్రకటించింది. కొత్తగా ఇల్లు కట్టినా ఆ తీరులోనే కట్టాలి. పర్యాటకులకూ అందులో మాటలున్నాయి: ఊళ్ళో ఈత దుస్తులతో తిరగవద్దు, చెత్త వెంట తీసుకెళ్ళాలి. 2019 సెప్టెంబరు నుంచి ప్రవేశ రుసుము కూడా పెట్టారు, తలకి 300 యెన్లు. బలవంతం లేదు, ఇష్టమైతే కట్టవచ్చు. రేవులో మెషీన్ ఉంటుంది. పెద్ద మొత్తం కాదు, దయచేసి కట్టండి.

ఇప్పుడు అసలు జాగ్రత్త. ద్వీపంలో నడుస్తుంటే అక్కడక్కడ దట్టమైన చెట్ల గుంపు, ముందు తోరణంలాంటి ద్వారం కనిపిస్తాయి. అది ఉతాకి, దేవతల తోపు. ఆ చిన్న ద్వీపంలో ఇలాంటివి దాదాపు ముప్పై ఉన్నాయి. లోపల విగ్రహం ఉండదు, గుడి ఉండదు, చెట్లూ రాళ్ళూ మాత్రమే. పూజ చేసేది ఆడవాళ్ళు, కాంత్సుకాసా అంటారు. లోపలి గర్భస్థానంలోకి ఊరి మగవాళ్ళు కూడా అడుగుపెట్టరు. మనకి గుడి కనబడితే చెప్పులు విప్పి లోపలికి వెళ్ళి దణ్ణం పెట్టుకోవడం అలవాటు. ఇక్కడ భక్తి చూపించే పద్ధతి లోపలికి వెళ్ళకపోవడం. బయట నిలబడి దణ్ణం పెట్టుకోమని అమ్మగారికి ముందే చెప్పండి. ఫొటో కోసం తొంగి చూడకండి.

నవంబరు అన్నారు కాబట్టి ఒక మెలిక ఉంది. అక్కడి పెద్ద పండుగ తనదుయి, అంటే విత్తనాల పండుగ. సుమారు ఆరువందల ఏళ్ళ చరిత్ర ఉందని చెబుతారు. 1977లో జాతీయ ముఖ్య జానపద సంపదగా గుర్తించారు. చాంద్రమానం ప్రకారం తొమ్మిదో నెలలోనో పదో నెలలోనో పడుతుంది, అంటే ఎక్కువగా అక్టోబరు, నవంబరుల్లో. మనకి ప్రభవ, విభవ అని అరవై ఏళ్ళ చక్రం ఉన్నట్టు వాళ్ళకి రోజులకే అరవై పేర్ల చక్రం ఉంది. అందులో ఒక రోజున మొదలై పది రోజులు సాగుతుంది, కనుక తేదీ ఏటేటా మారుతుంది. ఐదో రోజు విత్తనాలు చల్లుతారు. ఆ విత్తనాలు ఏమిటో తెలుసా? కొర్రలు. ద్వీపంలో నీళ్ళు తక్కువ, మట్టి పలచన, వరి పండదు. కొర్రలే ఆధారం. జిగురు కొర్రల్ని అజుకి చిక్కుళ్ళతో కలిపి ఉడికించి ముద్ద చేసి ఆ పండక్కి తింటారు. ఇప్పుడు కొర్రలు తినే అవసరం ఎవరికీ లేదు, అయినా పండుగ కోసం విత్తుతారు.

ఏడో రోజు, ఎనిమిదో రోజు యొమోచి ఉతాకి ఎదుట పొద్దున్నుంచి సాయంత్రం దాకా నాట్యాలు, నాటకాలు. రెండు రోజుల్లో దాదాపు 80 అంశాలు. మొదటి రోజు ద్వీపంలోని హజమా పేటవాళ్ళవి, రెండో రోజు నకసుజి పేటవాళ్ళవి. ఇషిగాకిలో, నాహాలో, టోక్యోలో స్థిరపడ్డవాళ్ళు సెలవు పెట్టి వచ్చేస్తారు. ప్రదర్శన మన కోసం కాదు, దేవత కోసం. మనం పక్కన కూర్చుని చూస్తాం, అంతే. ఆ రెండు రోజుల నడిమి రాత్రి యుకుయి అని ఇంటింటికీ పాడుకుంటూ వెళతారు. వెళ్ళిన ప్రతి ఇంట్లో ఆక్టోపస్ ముక్క, వెల్లుల్లి, అవమోరి సారా పెడతారు. నన్ను కూడా వరసలోకి లాగారు. ఆక్టోపస్ వద్దంటే వెల్లుల్లి రెండింతలు పెట్టారు. మర్నాడు విమానంలో పక్క సీటు ఆయనకి ఇప్పటికీ నేను క్షమాపణ బాకీ.

ఇంత చెప్పాక మీకిచ్చే సలహా: మీ తేదీలు పండుగలో పడితే ద్వీపంలో గది దొరుకుతుందని ఆశ పెట్టుకోకండి. వసతి గృహాలు నడిపేవాళ్ళే నాట్యం చేసేవాళ్ళు. గదులు బంధువులతో నిండిపోతాయి, కొన్ని మూసేస్తారు కూడా. అప్పుడు మాత్రం ఇషిగాకిలో ఉండి పగలు వెళ్ళి రండి. మీరు ముఖ్యంగా కోరుకుంటున్నది నిశ్శబ్దమైతే ఆ పది రోజులు తప్పించడమే మంచిది.

తిండి. దాచకుండా చెబుతాను, కష్టమే. ద్వీపంలో సూపర్ మార్కెట్ లేదు, కన్వీనియన్స్ స్టోర్ లేదు. భోజనశాలలు మధ్యాహ్నం తెరుస్తారు, రాత్రి తెరిచేవి ఒకటో రెండో. వసతి గృహాల్లో రెండు పూటల భోజనం పెడతారు కానీ చేప, పంది మాంసం లేని పళ్ళెం అరుదు. కూరగాయల్లా కనిపించేదాంట్లో కూడా ఎండుచేపల నీళ్ళుంటాయి. కాకరకాయ వేపుడు చూసి సంబరపడకండి, దాంట్లో పంది మాంసం, గుడ్డు ఉంటాయి. మా అమ్మతో వెళ్ళినప్పుడు రిజర్వేషన్‌లో "శాకాహారి" అని రాశాను, సరేనన్నారు. రాత్రి రొయ్యల తెంపురా పెట్టారు! వాళ్ళ తప్పనను, మాంసం లేదు కదా అనుకున్నారు. అందుచేత శాకాహారి అన్న ఒక్క మాట సరిపోదు. మాంసం, చేప, రొయ్య, గుడ్డు, చేపల నీళ్ళు ఏదీ వద్దని విడివిడిగా జపనీస్‌లో రాయించి పంపండి. లేదా సుదొమారి, అంటే భోజనం లేకుండా గది మాత్రమే తీసుకోండి. ఇషిగాకిలో వేడిచేసుకునే అన్నం ప్యాకెట్లు, పెరుగు, అరటిపళ్ళు కొనుక్కుని పడవెక్కండి. ఇంటి దగ్గర్నుంచి పులిహోర పొడి, ఆవకాయ ఎలాగూ తెస్తారు కదా. ఒక రాత్రికి చాలు. టోఫు అక్కడ గట్టిగా ఉంటుంది, పనీర్‌లా కోసుకోవచ్చు. నల్ల బెల్లం బాగుంటుంది, చెరకు యాయెయామాలోనే పండుతుంది.

ఒక్క దినుసు మాత్రం అమ్మగారికి తప్పకుండా చూపించండి. రాతి గోడలమీద తమలపాకు తీగలాంటిది పాకి, ఎర్రటి పొడుగు కాయలు వేలాడుతుంటాయి. పిపాచి అంటారు, ఎండబెట్టి పొడి చేసి నూడుల్స్‌మీద చల్లుకుంటారు. నోట్లో వేసుకుని చూస్తే పిప్పళ్ళే! జాతి కొంచెం వేరు, జావా పిప్పలి, కానీ కుటుంబం ఒకటే. పేరు కూడా మనదే. సంస్కృతం పిప్పలి చైనా మీదుగా నడిచి అక్కడికి వెళ్ళేసరికి పిపాచి అయింది. బాలింత లేహ్యంలో వేసే దినుసు పసిఫిక్ ద్వీపం గోడమీద కనబడేసరికి మా అమ్మ ఆ గోడ దగ్గరే పావుగంట నిలబడిపోయింది. దుకాణాల్లో చిన్న సీసాల్లో అమ్ముతారు.

ఏం చూడాలి అంటే ఎక్కువేం లేదు, అదే బాగుంది. దున్నపోతు బండి ఎక్కండి, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి సుఖం. అరగంటలో ఊరంతా తిప్పి, బండివాడు సాన్‌షిన్ వాయిస్తూ అసాదోయా యుంతా పాడతాడు. అధికారి ఒకడు మోజుపడితే కాదు పొమ్మన్న కుయామా అనే ఈ ఊరి పిల్ల మీద పుట్టిన పని పాట అది. ఆమె పుట్టిన ఇంటి చోటు కూడా చూపిస్తారు. ఆ దున్నపోతులు కూడా ఇక్కడివి కావు, 1930లలో తైవాన్ నుంచి ఇషిగాకికి వలస వచ్చిన రైతులు తెచ్చుకున్న జాతి.

మిన్సా నేత చూడండి. నీలిమందు అద్దిన నూలు పట్టీ, దానిమీద ఐదు గళ్ళు, నాలుగు గళ్ళు మార్చి మార్చి వస్తాయి. జపనీస్‌లో ఐదు "ఇత్సు", నాలుగు "యో". కలిపితే "ఎన్ని కాలాలకైనా" అని మాట వస్తుంది. అంచుల్లో జెర్రి కాళ్ళలాంటి గీతలు, "పదే పదే రా" అని. పెళ్ళికి ఒప్పుకున్న పిల్ల తన చేత్తో నేసి ఇచ్చేదట. శ్రీమతికి ఒకటి కొనండి. చేనేతది ఖరీదే, చిన్న పర్సు అయితే అందుబాటులో ఉంటుంది.

సాయంత్రం పడమటి రేవుకి వెళ్ళండి, నిషి సాన్‌బాషి. సముద్రంలోకి పొడుచుకుపోయిన రాతి వంతెన. అందరూ సూర్యాస్తమయం కోసం కూర్చుంటారు. ఎదురుగా నల్లగా కనబడే కొండలు ఇరియొమోతె ద్వీపంవి. 1637 నుంచి 1903 దాకా ఈ దీవుల్లో తల పన్ను ఉండేది. మగవాళ్ళు ధాన్యం, ఆడవాళ్ళు నేసిన బట్ట కట్టాలి. వరి పండని ఊరు ధాన్యం ఎక్కణ్ణించి తెస్తుంది? పడవలేసుకుని అదిగో ఆ ఇరియొమోతెకి వెళ్ళి, మలేరియా ఉన్న అడవుల పక్కన గుడిసెల్లో పడుకుని వరి పండించి తెచ్చేవారు. పన్ను పోయాక కూడా చాలాకాలం ఈ రేవు నుంచే పొలాలకి పడవల్లో వెళ్ళివచ్చారు. నాకు ఆ సంగతి తెలిశాక ఎర్రబడ్డ ఆకాశం కంటే ఆ కొండల వైపే ఎక్కువ చూస్తుంటాను.

సముద్ర స్నానానికి కొందోయి. లోతు లేదు, నడుం దాకా కూడా రాదు. కైజిలో ఈతకి దిగకండి, లోపలి ప్రవాహం బలంగా ఉంటుంది. అక్కడ అరచేతిని ఇసుకమీద అద్ది తీస్తే నక్షత్రం ఆకారపు రేణువులు అంటుకుంటాయి. అవి సూక్ష్మజీవుల గుల్లలు. చూసి అక్కడే దులిపేయండి, దాచుకోవాలంటే దుకాణంలో కొనండి. నవంబరులో వాతావరణం పాతిక డిగ్రీల చుట్టూ ఉంటుంది, తుపాన్ల ఉధృతి దాదాపు తగ్గిపోతుంది. పలచటి స్వెట్టరు చాలు.

మిగతావి గబగబా. నగదు తీసుకెళ్ళండి, కార్డు ప్రతిచోటా నడవదు. క్లినిక్ ఉంది, ఆసుపత్రి లేదు. అమ్మగారి బీపీ మాత్రలు పెద్ద సూట్‌కేసులో కాకుండా చేతి సంచిలో ఉండాలి. చక్రాల సూట్‌కేసు ఇసుకలో కదలదు, ఇషిగాకి రేవు లాకర్లో పడేసి చిన్న సంచితో వెళ్ళండి. వసతి గృహంవాళ్ళు రేవుకి వ్యానులో వస్తారు, ఏ పడవకి దిగుతున్నారో ముందురోజు చెప్పాలి. అక్కడి పచ్చి చిలగడదుంపల్ని జపాన్ ప్రధాన ద్వీపాలకి తీసుకెళ్ళనివ్వరు, పురుగుల భయం, కనుక ముచ్చటపడి కొనకండి.

నేనైతే ఇలా వేస్తాను. మొదటి రోజు విమానం దిగి ఇషిగాకిలో సామాన్లు కొనుక్కుని అక్కడే పడుకోవడం. రెండో రోజు మధ్యాహ్నం రెండింటి పడవకి తకెతోమి, అంటే జనం తిరుగుముఖం పట్టే వేళకి. ఆ రాత్రి అక్కడే. మూడో రోజు తెల్లవారుజామున ఊరంతా నడిచి, పదింటికి జనం దిగుతుండగా మీరు పడవెక్కడం. మీ తేదీలు ఖాయమయ్యాక ఇక్కడ రాయండి, ఈసారి తనదుయి ఏ రోజుల్లో పడిందో చూసి చెబుతాను. వసతి గృహానికి పంపడానికి తిండి సంగతి జపనీస్‌లో రాసి పెడతాను, అమ్మగారు ఉల్లి, వెల్లుల్లి తింటారో లేదో కూడా చెప్పండి.